లైటు వెనకాల మా అన్న

మా అన్న వెళ్ళినన్ని పెళ్ళిళ్ళకు మా వైపు పురోహితులు కూడా వెళ్ళి ఉండరు. పలాస నుంచి టెక్కలి దాకా, ఇటు సోంపేట తోటల నుంచి అటు సముద్రం ఒడ్డున మూలపేట దాకా ఎవరింట బాజా మోగినా ఆ వెలుగు మా అన్న చేతిలోదే. అయినా ఒక్క పెళ్ళి క్యాసెట్‌లోనూ తను కనిపించడు. వీడియో లైటు పట్టుకునే మనిషి ఎప్పుడూ కెమెరా పక్కనే నిలబడతాడు. పెళ్ళికూతురి ముక్కుపుడక తళుక్కుమందంటే అది మా అన్న చలవే గానీ, చూసేవాళ్ళకు ఆ సంగతి తట్టనే తట్టదు.

పగలంతా కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవాడు. జీడి రసానికి వేళ్ళు నల్లగా మాడిపోయి ఉండేవి. ముహూర్తాల రోజుల్లో ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, వైరు చుట్ట భుజాన వేసుకుని, లైటు పట్టుకుని బయల్దేరేవాడు. అయ్య పోయాక ఇల్లు నడిచింది ఆ రెండు పనుల మీదే. నేను కంప్యూటరు నేర్చుకున్నదీ వాటి మీదే.

నేర్చుకున్నాక అన్న లైటు పట్టే స్టూడియోలోనే నాకూ పని దొరికింది. బస్టాండుకు దగ్గర్లో మేడ మీద రెండు గదులు. ముందు గదిలో ఫొటోలు తీసేవాళ్ళు. వెనక గదిలో నేనూ, కంప్యూటరూ, రెండు వీసీఆర్లూ. స్టూడియో ఓనరే కెమెరామెన్. అన్నా అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. ఆ వరసన నాకూ బావే. అప్పటికి జనం క్యాసెట్లు వద్దని సీడీలు అడుగుతున్నారు. క్యాసెట్‌లో ఉన్న పెళ్ళిని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కోసి, పాటలు తగిలించి, సీడీ చేసి ఇవ్వడం నా పని. వధూవరుల్ని గుండె బొమ్మలో పెట్టమనేవాళ్ళు కొందరు, తామరపువ్వులోంచి పుట్టించమనేవాళ్ళు కొందరు. ఒకాయన తన అల్లుణ్ణి చందమామలో కూర్చోబెట్టమన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ కూర్చోబెట్టాను.

ఈ గుండెలూ తామరపువ్వులూ ఎవరైనా చేస్తారు. అసలు కష్టం సీడీగా మార్చేటప్పుడు వస్తుంది. సీడీలో చోటు తక్కువ కనక కంప్యూటరు ప్రతి బొమ్మనూ నిండుగా దాచదు. ఒకదాన్ని నిండుగా దాచుకుని, ఆ తర్వాత వచ్చేవాటిలో ఏది మారిందో అది మాత్రం రాసుకుంటుంది. పెళ్ళికొడుకు బిగుసుకుపోయి కూర్చుని రెప్ప వేశాడనుకోండి, ఆ రెప్ప ఒక్కటే రాసుకుంటుంది. సీను మారితే మాత్రం మళ్ళీ నిండు బొమ్మ కావాలి. సీను మారిందని దానంతట అది పసిగట్టే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని సీన్ చేంజ్ డిటెక్షన్ అంటారు. అది ఎంత చురుగ్గా ఉండాలో మనమే తెర మీద ఒక మీటను అటూ ఇటూ జరిపి చెప్పాలి. మరీ చురుగ్గా పెడితే ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడి, అదేదో కొత్త సీననుకుని నిండు బొమ్మ దాస్తుంది. తాళి కట్టే వేళ మన వాళ్ళ ఫ్లాష్‌లు మీకు తెలియనివి కావు. ఉన్న చోటంతా వాటికే ఖర్చయిపోయి, తీరా తాళి ముడి దగ్గరికి వచ్చేసరికి చేతులు గళ్ళుగళ్ళుగా పగిలిపోతాయి. పోనీ అని మొద్దుగా పెడితే సీను మారినా గమనించదు. ముందు సీనులోని వంటవాడి గరిటె పెళ్ళికూతురి మొహం మీద కాసేపు మిగిలిపోతుంది. ఒకసారి అలా మిగిలింది కూడా. ఆ అమ్మాయి మేనమామ మేడెక్కి వచ్చి తిట్టిన తిట్లు కింద బజారంతా విన్నారు.

క్యాసెట్‌ను లోపలికి ఎక్కించేటప్పుడూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. సీను మారిన చోటల్లా కోసి, ముక్కలు విడివిడిగా పెడుతుంది. కెమెరా ఆపబోతూ ఆపబోతూ తీసిన రెప్పపాటు ముక్కలు బోలెడు వస్తాయి. కప్పు, నేల, ఎవరి చెయ్యో, ఎవరి వీపో. అవన్నీ చెత్త. అంత చిన్న ముక్కల్ని అసలు ఉంచవద్దని ముందే సెట్ చేసి పెట్టుకునేవాణ్ణి.

అన్న పోయింది ఒక ఏడాది వేసవి ముహూర్తాలు అయిపోయాక. మా ఉద్దానంలో మనిషికి కాళ్ళు వాచాయంటే ఏం జబ్బని ఎవరూ అడగరు. మా అయ్య పోయిందీ ఆ కిడ్నీల జబ్బుతోనే. అన్నకు ఉన్నట్టు బయటపడేసరికే బాగా ముదిరిపోయింది. విశాఖపట్నం తీసుకువెళ్ళాం. రక్తం శుద్ధి చేయించాం. ఇంటికి తెచ్చాం, మళ్ళీ తీసుకువెళ్ళాం. రెండోసారి వెళ్ళినప్పుడు తను తిరిగి రాలేదు. పెళ్ళి కూడా కాలేదు. అన్ని పెళ్ళిళ్ళకు వెలుగు పట్టినవాడికి ఒక పెళ్ళి జరగకుండా పోయిందన్న ఏడుపు నాకు ఇప్పటికీ తీరలేదు.

ఇంట్లో అన్న ఫొటో ఒకటే ఉంది. ఎందుకో అవసరమై తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటోను పెద్దది చేయించి గోడకు పెట్టాం. అమ్మ రోజూ దాని ముందు నిలబడేది. ఒకరోజు పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే ఆపింది.

"ఫొటో కదల్దు బాబు. అందరి పెళ్ళిల్లూ ఆ డబ్బాలో తిప్పుతావు గదా. మీ అన్న ఒక్కపాలి కదిలినట్టు సూపించు."

"అన్న ఎక్కడా పడనేదమ్మా. లైటు పట్టుకున్నోడు ఎలా పడతాడు?"

"అన్ని పెళ్ళిల్లకి ఎల్లినోడు ఒక్కదాన్లోనైనా పడకుంటాడేటి. ఎతుకు."

అలా అనేసి తను ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. అమ్మ అక్కడే జీడిపప్పుకు పొట్టు తీసేది. ఏం ఎతుకుతాను అనుకుంటూ నేను స్టూడియోకు వెళ్ళాను. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాక తట్టింది. నేను ఇన్నాళ్ళూ చెత్త అని ఉంచకుండా చేసిన ఆ రెప్పపాటు ముక్కల్లోనే అన్న ఉండాలి. కెమెరా దించేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు, ఆ పక్కన ఉండేది లైటు పట్టిన మనిషే కదా!

చిక్కు ఎక్కడంటే, మా స్టూడియోలో సీడీ ఇచ్చేశాక అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్ళి తీసేవాళ్ళు. టేపు అరిగిపోయేదాకా ఒకదాని మీద ఒకటి. కొత్త పెళ్ళి చిన్నదైతే క్యాసెట్ చివర పాత పెళ్ళి తోక కొంచెం మిగిలేది. అన్న మిగిలి ఉంటే ఆ తోకల్లోనే మిగిలి ఉండాలి. బావను అడిగితే బీరువా తాళాలు నా ముందు పెట్టి, "అన్నీ నీయే బావ, తీసుకో" అన్నాడు.

సీన్ చేంజ్ మీటను చివరికంటా జరిపాను. ఎంత చురుగ్గా ఉండగలదో అంత చురుగ్గా. చిన్న ముక్కలు ఉంచవద్దన్న సెట్టింగు తీసేశాను. ఇక అది ఫ్లాష్ పడ్డా కోసింది, ఫ్యాను రెక్క అడ్డం వచ్చినా కోసింది, ఎవరో పట్టుచీర కొంగు కెమెరా ముందు నుంచి లాగినా కోసింది. ఒక్కో క్యాసెట్‌కు అటుకులు ఒలకబోసినట్టు ముక్కలు. మధ్యాహ్నం కరెంటు పోతే చేసిందంతా పోయి మళ్ళీ మొదటికొచ్చేది. విసుగొచ్చి కీబోర్డును కొట్టిన రోజులున్నాయి. ఫ్లాష్‌లను వదిలేసి కెమెరా కదలికను మాత్రం పట్టేలా ఆ మీటను వెంట్రుకవాసి వెనక్కీ ముందుకూ జరుపుతూ ఎన్ని పూటలు గడిపానో.

మొదట దొరికింది చెయ్యి. కెమెరాకు తెలుపు అంటే ఏదో చూపించాలని, మొదలుపెట్టే ముందు లైటు పట్టినవాడు ఒక తెల్లగుడ్డను దాని ముందు పట్టుకుంటాడు. వైట్ బ్యాలెన్స్ అంటారు. బావ ఒక్కోసారి రికార్డింగు నొక్కేసి, ఆ తర్వాత నాలుక్కరుచుకుని గుడ్డ పట్టమనేవాడు. తెర నిండా తెలుపు, ఆ తెలుపు అంచున నల్లటి వేళ్ళు. అవి ఎవరి వేళ్ళో నాకు ఒకరు చెప్పాలా? చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను.

ఆ తర్వాత ఒక్కటొక్కటే దొరికాయి. గుడ్డ తీస్తూ నవ్వుతున్న సగం మొహం. వైరు తొక్కొద్దని ఎవరినో అదిలిస్తున్న భుజం. చెమట తుడుచుకుంటూ లైటు చెయ్యి మార్చుకోవడం. ఏదీ సెకను దాటదు. వాటన్నిటినీ వరసగా అతికి, వేగం తగ్గించి, సీడీ చేశాను. మార్చేటప్పుడు ప్రతి ముక్కా కొత్త సీనే కనక ప్రతిదానికీ నిండు బొమ్మ దాచమన్నాను. ఏ గరిటే మా అన్న మొహం మీద మిగలకూడదని నా పట్టుదల.

స్టూడియో ప్లేయరు ఇంటికి తెచ్చి అమ్మకు వేసి చూపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. రెండోసారి వేయమంది. వేశాను. అయ్యాక నా వైపు తిరిగింది.

"మాటేదిరా?"

"అంత సిన్న ముక్కల్లో మాట పడదమ్మా."

"ఆడి గొంతు ఇనాల నాను. ఏదో ఒకటి. తిట్టైనా పరవానేదు."

కొడుకు కనిపించాడన్న సంతోషం ఆవిడ మొహంలో నేను ఆశించినంత కనిపించలేదు. మాట కోసమే పట్టుబట్టింది. ఎందుకంత పట్టుదలో నాకు అర్థం కాలేదు. తల్లి కదా అనుకున్నాను.

మాట కావాలంటే వెతకడం తిరగేయాలి. కెమెరా పట్టేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటు ఒకటుంది. బటన్ ఒకసారి ఎక్కువ నొక్కుతారు. ఇక అక్కణ్ణుంచి తీస్తున్నాననుకున్నప్పుడు ఆగి ఉంటుంది, ఆపాననుకున్నప్పుడు తిరుగుతూ ఉంటుంది. తాళి కట్టడం పడదు, తర్వాత బల్ల మీద పెట్టిన కెమెరా మాత్రం ఎవరి కాళ్ళనో శ్రద్ధగా తీస్తూ ఉంటుంది. అలాంటి చోట ఏమీ మారదు. అందుకని మీటను ఈసారి రెండో చివరకు లాగాను. ఫ్లాష్‌లకు, కొంగులకు ఉలిక్కిపడనంత మొద్దుగా పెట్టి, వచ్చిన ముక్కల్లో బాగా పొడుగ్గా ఉన్నవి మాత్రమే తెరిచి చూశాను. ఇంతకుముందు చిన్న ముక్కల వేటలో పడి నేను పక్కకు నెట్టేసినవే అవి.

మూలపేట వైపు పెళ్ళి ఒకటి. బావ కెమెరాను బల్ల మీద పక్కకు పడుకోబెట్టాడు. అందుకని తెర మీద లోకమంతా అడ్డంగా పడి ఉంది. ఆఖరి పంక్తి. అరిటాకు, నీళ్ళ గ్లాసు, ఎదురుగా ఒక మనిషి మోకాళ్ళు. ఆ మోకాళ్ళ మీద నల్లటి వేళ్ళు. కెమెరా వెనక నుంచి బావ గొంతు వినిపించింది.

"ఏటి బావ, అలా కుంటతన్నావు?"

"సెప్పు బిగిసిపోతంది."

"కొత్త సెప్పా?"

"సెప్పు పాతదే. కాలే కొత్తది." నవ్వు.

అన్న నవ్వు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ నవ్వు. చటుక్కున ఆపేసి, బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చాను. తర్వాత అన్న ముందుకు వంగాడు. వంగేసరికి మొహమంతా తెరలోకి వచ్చింది. ప్యాంటు పైకి లాగి, పిక్క కింద బొటనవేలితో నొక్కి తీశాడు.

"సూడు, సొట్ట. మా అయ్యకీ ఇలాగే మొదలైంది."

"ఇంటికాడ సెప్పినావా?"

"నేదు. మా అమ్మకి తెలీదు. తెలిత్తే బతకదు. నువ్వు నోరు జారకు బావ, నా మీద ఒట్టు."

"సెప్పను గానీ, ఆస్పత్రికి ఎల్లు."

"ఈ మూర్తాలు అయిపోనీ, ఎల్తాను."

దూరం నుంచి ఎవరో లైటు కోసం కేకేశారు. అన్న నీళ్ళు తాగి లేచిపోయాడు. ఆ తర్వాత చాలాసేపు తెర మీద ఖాళీ ఆకే ఉంది.

నేను ముందు గదిలోకి వెళ్ళి బావ చొక్కా పట్టుకున్నాను. అతను అప్పుడు ఎవరికో ఫొటోలు కవర్లో పెట్టి ఇస్తున్నాడు.

"నీకు తెలుసు. అప్పుడే తెలుసు. ఒక్క మాట నాకు సెప్పుంటే ఏటైపోయేది?"

అతను చొక్కా విడిపించుకోవడానికి కూడా చూడలేదు. "ఒట్టేయించుకున్నాడు బావ. ఈవేళ ఎల్తాను, రేపు ఎల్తాను అంటాంటే నమ్మినాను" అని ఏడ్చేశాడు. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకోకుండానే మెట్లు దిగిపోయారు. ఇక నాకు అతన్ని కొట్టడానికీ చేతులు రాలేదు, ఓదార్చడానికీ రాలేదు.

ఆ మాట అమ్మకు వినిపించాలా? చెప్పు పాతదే, కాలే కొత్తది అన్న చోట నవ్వుతో కోసేయొచ్చు. కోయడం నాకు అన్నం పెట్టే పనే. కానీ అన్న మొహం తెరలోకి వచ్చేది ఆ తర్వాతే. సొట్ట చూపించడానికి వంగితేనే వచ్చింది. బొమ్మ ఉంచి మాట తీసేద్దామంటే, అమ్మ అడిగిందే మాట. రెండు రోజులు కోశాను, అతికాను, మళ్ళీ కోశాను. చివరికి ఏమీ కోయకుండా మొత్తం సీడీ చేసి తీసుకువెళ్ళాను. బొమ్మను నిలువుగా తిప్పుదామని చూస్తే మనిషి సగం తెర బయటకు పోతున్నాడు, అందుకని అలాగే అడ్డంగా ఉంచేశాను.

ఆదివారం పగలు. ఫ్యాక్టరీ లేదు. అమ్మ టీవీ ముందు కూర్చుని మొదట మెడ పక్కకు వంచి చూసింది. సరిపోలేదు. చాప లాక్కుని, చెయ్యి తలకింద పెట్టుకుని, నేల మీద పక్కకు తిరిగి పడుకుంది. అలా పడుకుంటే తన కొడుకు నిలువుగా కూర్చున్నట్టు కనిపిస్తాడు. కాలే కొత్తది అన్న మాటకు అమ్మ కూడా చిన్నగా నవ్వింది. అన్న వేలితో నొక్కినప్పుడు నేను గోడ వైపు చూశాను. ఆ మాట వచ్చింది. అన్న లేచి వెళ్ళిపోయాడు, ఆకు మిగిలింది. ఆపేద్దామని నేను లేచాను.

"నాకు తెలుసు బాబు" అంది అమ్మ, అలా పడుకునే. "ఆడు లుంగీ మడమల దాకా దించి కట్టినప్పుడే తెలుసు. నిద్దరోతాంటే ఏలెట్టి నొక్కి సూసినాను. సొట్ట పడిపోనాది."

"మరి నాకెందుకు సెప్పనేదమ్మా?"

"సెప్పితే ఇశాపట్నం తీసుకుపోతావు. మీ అయ్యని తీసుకెల్లినాం. ఏటైంది? ఆ జబ్బు పేరు ఎవులూ ఎత్తకపోతే ఇంకొన్నాల్లు ఇంట్లో తిరుగుతాడనుకున్నాను."

నాకు అమ్మ మీద కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఇంట్లో ఇద్దరికీ తెలిసి, ఒకరి కోసం ఒకరు దాచుకున్నారు, నడిమధ్యన మనిషే పోయాడు. అరవాలనిపించింది. కానీ ఆవిడ నేల మీద నుంచి నా మొహంలోకి చూస్తోంది, ఇంకా ఏదో అడగాల్సింది ఉన్నట్టు.

"నాకు ఒకటే దిగులు. నాకు తెలుసని ఆడు కనిపెట్టీసినాడేమో. తెలిసీ అమ్మ నోరు మూసుకోని కూకుందని మనసులో ఎట్టుకోని పోనాడేమో. అందుకే ఆడి మాట ఇనాలన్నాను. ఇప్పుడు ఆడే సెప్పినాడు గదా. అమ్మకి తెలీదనే అనుకున్నాడు గదా బాబు, ఆఖరి దాకా?"

విశాఖపట్నంలో, ఆ రెండోసారి, అన్న మంచం పక్కన నేనున్నాను. అమ్మ బయట నీళ్ళు పట్టడానికి వెళ్ళింది. అన్న నా చెయ్యి లాగి, "అమ్మని ఏటీ అడగకు. అమ్మకి ముందే తెలుసు, పాపం" అన్నాడు. ఇక బతకనన్న సంగతి అమ్మకు తెలిసిపోయిందంటున్నాడని అప్పుడు అనుకున్నాను. అసలు అర్థం ఈ ఆదివారం పగలు, టీవీలో ఖాళీ ఆకు ముందు నిలబడినప్పుడు తెలిసింది.

"అవునమ్మా" అన్నాను. "నీకు తెలుసని అన్నకి ఆఖరి దాకా తెలీదు."

అమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "ఆ మాట మల్లీ ఎట్టు" అంది.

వెనక్కి తిప్పి పెట్టాను. మా అమ్మకి తెలీదు అంది అన్న గొంతు. చాప మీద నుంచి అమ్మ "ఊఁ" అంది.